పిల్లల ఒంటి మీద మచ్చ: ఆగి చూడడమా, బయాప్సీ చేయించడమా?

మన్నేరు (కందుకూరు):
మా ఏడేళ్ల పాపకు మోచేతి పైన రూపాయి బిళ్లంత పాలిపోయిన మచ్చ వచ్చింది. దురద లేదు, పొట్టు రాలడం లేదు. కడుపులో నులిపురుగులుంటే ఇలాగే వస్తాయని అందరూ చెబితే మొదట వాటికి మందు మింగించాం, తర్వాత మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాశాం, ఫలితం లేదు. ఒంగోలులో చూపిస్తే చర్మవైద్యురాలు మచ్చ మీద స్పర్శ తగ్గినట్టు అనుమానంగా ఉందని, కుష్ఠు అవునో కాదో తేల్చుకోవడానికి బయాప్సీ (చిన్న చర్మం ముక్క తీసి పరీక్షించడం) చేయించమని రాసిచ్చారు. ఆడపిల్ల చెయ్యి కోయించడమేమిటని మా అత్తగారు, ఇంకో రెండు నెలలు ఆగుదామని మావారు అంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

గుండ్లకమ్మ (ఒంగోలు):
నేనైతే ఒప్పుకోనమ్మా. పిల్లల తెల్లమచ్చల్లో ఎక్కువభాగం వాటంతటవే సర్దుకునేవి. తామర అనుమానమైతే పొట్టు గీకి సూక్ష్మదర్శినిలో చూస్తే సరిపోతుంది, బొల్లి అనుమానమైతే వుడ్స్ దీపం (అతినీలలోహిత కాంతినిచ్చే దీపం) కింద చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. ఇక కుష్ఠు సంగతికి వస్తే, పాలిపోయిన మచ్చ మీద స్పర్శ పోయిందని స్పష్టంగా తేలితే చాలు, కోత లేకుండానే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో మందు మొదలుపెడతారు. పైగా తొలిదశలో తీసిన ముక్కలో నిర్దిష్టంగా ఏమీ కనబడకపోవచ్చు. ఏమీ చెప్పకపోవచ్చునని ముందే తెలిసిన పరీక్షకు పసిబిడ్డను ఎందుకు పడుకోబెట్టాలి?

పెన్నాతీరం (నెల్లూరు):
నేను ఒంట్లోంచి తీసిన ముక్కల్ని పరీక్షించే పెథాలజీ ల్యాబులో పనిచేస్తాను, వైద్యుణ్ని కాను. గుండ్లకమ్మ గారు చెప్పిన విషయాలు తప్పు కావు గానీ, అందులో "స్పష్టంగా తేలితే" అన్న షరతు దగ్గరే చిక్కంతా ఉంది. పిల్లకు కళ్లు మూయించి, దూదిపోగుతో తాకి, తాకినచోట వేలు పెట్టమంటారు. పెద్దవాళ్లైతే కచ్చితంగా చూపిస్తారు. ఏడేళ్ల పిల్ల భయానికో, మెప్పు కోసమో ప్రతిసారీ ఎక్కడో ఒకచోట వేలు పెడుతుంది, లేదా వేళ్ల సందులోంచి చూస్తుంది. అందుకే డాక్టరమ్మ "అనుమానం" అని రాశారు గానీ "పోయింది" అని రాయలేదు.

ఆ అనుమానాన్ని తీర్చడానికి పెన్నులాంటి పనిముట్టుతో 3 లేదా 4 మిల్లీమీటర్ల వెడల్పున చర్మం లోపలి పొర దాకా చిన్న ముక్క తీసి, ఒకటో రెండో కుట్లు వేసి, ముక్కను చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్ ద్రవం ఉన్న సీసాలో వేసి మాకు పంపుతారు. మేము దాన్ని మైనంలో బిగించి, పలుచని పొరలుగా కోసి, మామూలు రంగుతో పాటు కుష్ఠు క్రిముల కోసం ఫైట్-ఫరాకో అనే రంగు కూడా వేస్తాం. పెథాలజిస్టు (ముక్కను చూసి జబ్బు తేల్చే డాక్టరు) ముఖ్యంగా చూసేది నరాల చుట్టూ కణాలు గుమిగూడాయా లేదా అని. క్రిములు కనబడకపోయినా ఆ ఒక్క గుర్తు చాలా చెబుతుంది. ఏమీ లేదని వచ్చినంత మాత్రాన జబ్బు లేదని కాదు. అప్పుడు డాక్టరు పిల్లను కొన్నాళ్లకు మళ్లీ చూస్తారు. ఈ సంగతి సంతకం పెట్టకముందే తల్లిదండ్రులకు చెప్పాలి, చాలాచోట్ల చెప్పరు.

ఆగడం మాటకొస్తే, ఆ రెండు నెలలూ షాపువాళ్లిచ్చే ట్యూబులు రాస్తూ ఉండకండి. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. జబ్బు రూపాన్నే మార్చేస్తుంది, తర్వాత డాక్టరుకైనా, మాకైనా పోల్చుకోవడం కష్టమవుతుంది. ఇప్పటిదాకా రాసిన ట్యూబును డాక్టరమ్మకు తప్పకుండా చూపించండి.

సోమశిల (ఆత్మకూరు):
మా బాబుకు వేరే కారణంతో ముక్క తీశారు. పిల్లవాడికి "ఏమీ చేయరు, చూస్తారంతే" అని చెప్పి తీసుకెళ్లారు మా బంధువులు. సూది చూడగానే వాడు పెట్టిన గోలకు మూల కారణం నొప్పి కాదు, మోసపోయానన్న ఉక్రోషం. మత్తుసూది ఎక్కేటప్పుడు కాసేపు మండుతుందని, ఆ తర్వాత తాకినట్టు మాత్రమే తెలుస్తుందని ఉన్నదున్నట్టు చెప్పండి. గంట ముందు మత్తు క్రీము రాసి పైన ప్లాస్టిక్ పొర అంటిస్తే ఆ సూది నొప్పి కూడా తగ్గుతుంది. అడిగితేనే రాస్తారు, కనుక అడగండి.

గుండ్లకమ్మ (ఒంగోలు):
సరే, స్పర్శ అనుమానంగానే ఉందంటే నా వాదనలో సగం పోయినట్టే. మిగిలిన సగం మాత్రం వదలను. ఫలితం ఇలా వస్తే ఏ మందు, అలా వస్తే ఏ మందు అని డాక్టరు ముందే చెప్పగలగాలి. రెండింటికీ ఒకటే మందైతే కోత అనవసరం.

మన్నేరు (కందుకూరు):
ఆ ప్రశ్న ఫోనులో అడిగాను. కుష్ఠు అయితే ఇలాంటి ఒక్క మచ్చకు ఆరు నెలల మందులు, అవీ ఉచితంగా. కుష్ఠు కాకపోతే ఆ మందులేవీ అక్కర్లేదన్నారు. మావారు దీనితో మెత్తబడ్డారు. మా అత్తగారికి మాత్రం నలుగురికీ తెలుస్తుందన్న బెంగ పోలేదు, మచ్చ శాశ్వతంగా ఉండిపోతుందని కూడా అంటున్నారు.

పెన్నాతీరం (నెల్లూరు):
చిన్న గీత ఉండిపోతుందమ్మా, ఉండదని చెప్పడం అబద్ధం. కొందరి చర్మానికి అది ఉబ్బే స్వభావం ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా అలా ఉంటే ముందే చెప్పండి. చేతి మీద కుట్లు సాధారణంగా వారం పది రోజులకు విప్పుతారు, అందాకా తడి తగలనివ్వకుండా, పిల్ల గీరుకోకుండా చూసుకోవాలి. నలుగురి సంగతంటారా, రిపోర్టు సంగతి చుట్టాలకూ ఇరుగుపొరుగుకూ మీరు చెప్పాల్సిన పని లేదు. ఇంకొక మాట: రిపోర్టుతో పాటు స్లైడ్లు, మైనం దిమ్మె కూడా అడగండి. రేపు ఇంకో పెథాలజిస్టుకు చూపించాలనుకుంటే వాటినే పంపవచ్చు, పాపను మళ్లీ కోయనక్కర్లేదు.