పేరు లేని పాత జేబు గడియారం, లోపలి మెషీన్ ఎవరిదై ఉంటుంది?

పాతసామాన్లు: జర్మనీలో ఉంటున్నాను. ఇక్కడి సంతలో ఒక వెండి జేబు గడియారం కొన్నాను. డయల్ మీద పేరు లేదు, మూతలు తీసి చూస్తే మెషీన్ మీదా లేదు. లోపలి మూత మీద "రెమొంత్వార్, సిలాంద్ర్, 10 రుబి" అని ఉంది. కేస్ మీద 0.800, చిన్న పిట్ట బొమ్మ, నెలవంక, కిరీటం. నడుస్తోంది కానీ రోజూ కొన్ని నిమిషాలు వెనకబడుతోంది. ఎవరు చేశారో చెప్పగలరా?

రాత్రిషిఫ్టు: ఫోటోలో చక్రాలన్నీ విడివిడి బ్రిడ్జిల (పైనుంచి పట్టి ఉంచే లోహపు పట్టీల) కింద ఉన్నాయిగా, అయితే లెపీన్.

కీ_ఇచ్చేవాడు: లెపీన్ అనే గడియారాల పనివాడు పారిస్‌లో 1760లలో ఆ అమరిక తెచ్చిన మాట నిజమే, కానీ తర్వాత స్విస్ వాళ్లంతా అదే వాడారు, కాబట్టి దాన్నిబట్టి పేరు తేలదు. మూత మీద రాసినవీ పేర్లు కావు: పైనున్న గుండీ తిప్పి కీ ఇచ్చే రకం, సిలిండర్ ఎస్కేప్‌మెంట్ (చక్రాల్ని ఒక్కో పన్ను చొప్పున వదిలే భాగం), రాపిడి తగ్గించే పది రాళ్లు, అంతే. అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ వీల్‌కీ దాని ముందు చక్రానికీ మధ్య ఫోర్క్ (రెండు కొమ్ముల ముక్క) కనబడదు చూడండి, సిలిండర్ రకానికి అదే గుర్తు. ఈ రకం నిమిషాల్లో తేడా చూపించడం మామూలే, టెన్షన్ పడకండి.

0.800 అంటే నూటికి ఎనభై పాళ్లు వెండి. పిట్ట స్విస్ వెండి ముద్ర, 1880 చట్టంతో వచ్చింది. నెలవంక, కిరీటం జర్మనీవి, 1888 నుంచి. అంటే జర్మనీలో అమ్మడానికి చేసిన స్విస్ గడియారం, 1888 తర్వాతది. అప్పట్లో ఒక ఫ్యాక్టరీ ముడి మెషీన్ చేసేది, ఇంకొకరు కొని బిగించేవాళ్లు, కేస్ మరొకరిది, ఇక ఎవరి పేరు వేస్తారు?

పాతసామాన్లు: మరి ముడి మెషీన్ చేసిన ఫ్యాక్టరీ అయినా తెలుస్తుందా?

కీ_ఇచ్చేవాడు: ముద్ర ఉంటే సాధారణంగా డయల్ కిందే ఉంటుంది. లేకపోయినా కీ ఇచ్చే గుండీ దగ్గరి లివర్, స్ప్రింగ్ ఆకారం ఫ్యాక్టరీకో తీరు. కింది ప్లేటు అడ్డంగా కొలవండి, 43 మిల్లీమీటర్లకు కాస్త తక్కువ వస్తే 19 లీన్ (గడియారాల మెషీన్లకు వాడే పాత ఫ్రెంచ్ కొలత) సైజు, ఒక లీన్ 2.256 మి.మీ. ఈ రెండూ పాత విడిభాగాల కేటలాగ్‌లతో పోల్చి చూడాలి. డయల్ మాత్రం మీరు తీయకండి, ఎనామెల్ కదా, స్క్రూడ్రైవర్ జారిందంటే అంచు పెచ్చులూడుతుంది. ఆయిల్ వేయించడానికి రిపేరు చేసేవాళ్లకి ఎలాగూ ఇస్తారు, అప్పుడే కింద ఒక ఫోటో తీసి పెట్టమనండి.