చిన్నప్పుడే బాప్తిస్మం అయింది, పెండ్లికి మళ్ల మునగాల్నా?

కరీంనగర్_పిలగాడు:
అందరికీ వందనాలు. ఇంట్ల పెద్ద లొల్లి అయితుంది, అందుకే అడుగుతున్న. మాది కరీంనగర్ దిక్కు సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం). మూడు నెలల పిలగాన్ని ఉన్నప్పుడే అయ్యగారు చిలకరింపు బాప్తిస్మం ఇచ్చిండు, టెన్త్ అయినంక కన్ఫర్మేషన్ (పెద్దయినంక విశ్వాసాన్ని సొంతంగ ఒప్పుకునుడు) క్లాసులకు పోయిన, బిషప్ గారు నెత్తి మీద చేతులు పెట్టి ప్రార్థన చేశిన్రు, అప్పటి సంది సంస్కారం (రొట్టె, ద్రాక్షరసం) తీసుకుంటున్న. ఇప్పుడు హన్మకొండల సంబంధం కుదిరింది, వాళ్లు బాప్టిస్టులు. వాళ్ల పాస్టర్ గారు మర్యాదగనే మాట్లాడిండు గానీ "నువ్వు తెలిసి తీసుకున్నది కాదు కద బాబూ, మా చర్చిల పెండ్లి కావాల్నంటే ముంచుడు బాప్తిస్మం తీసుకో" అన్నడు. గా మాట ఇంట్ల చెప్తే మా అమ్మ అన్నం కాడికెళ్లి లేచింది. "మరి గా రోజు నిన్ను ఎత్తుకొని అందరి ముందట నేను ఒప్పుకున్నదంత ఉత్తదేనా" అంటది. ఎవరికన్నా ఇట్ల అయిందా?

ఓరుగల్లు_బాప్టిస్ట్:
తమ్మీ, మేం దాన్ని "మళ్ల" అననే అనం, మా లెక్కల అదే మొదటిది. మీ అమ్మకు గుచ్చుకున్నది గూడ గదే కావచ్చు. మాకు ముందుగాల నమ్ముడు, తర్వాత నీళ్లు. బైబిల్ల రోమా పత్రిక 6ల ఉన్నట్టు పాతిపెట్టినట్టు మునగాలె, లేపినట్టు లేవాలె, నాలుగు చుక్కలు చల్లితే అది పాతిపెట్టినట్టు ఎట్లయితది అని మా వాదన. నేను ఇంటర్ల ఉన్నప్పుడు తీసుకున్న, డిసెంబర్, స్టేజీ మీది పలకలు తీస్తే కింద తొట్టి ఉంటది, పొద్దుగాల నింపిన నీళ్లు ఐసు లెక్కున్నయ్, పాస్టర్ గారు ఒక చెయ్యి మెడ ఎనుక పెట్టి ఇంకో చేతిల దస్తీతోని ముక్కు పట్టుకున్నడు, "నమ్ముతున్నవా" అంటే పండ్లు కొట్టుకుంట "న న నమ్ముతున్న" అన్న, చర్చంత నవ్విన్రు. కానీ ఆ తర్వాత బల్ల ఆదివారం (సంస్కారం ఇచ్చే ఆదివారం) రొట్టె పళ్లెం నా చేతికి వచ్చింది చూడు! అప్పటిదాంక బాప్తిస్మం కాలేదని మా అమ్మ నన్ను దాటిచ్చి పక్కనోళ్లకు ఇచ్చేది. గది మాత్రం మర్చిపోను.

డోర్నకల్_మనుమడు:
నాలుగు చుక్కలు అనకు అన్నా. మా తాతకు వాళ్ల నాయిన చెప్పిన ముచ్చట ఒకటి ఉన్నది. అజరయ్య బిషప్ గారు (1912ల డోర్నకల్ బిషప్ అయిన్రు, ఆంగ్లికన్లల మన దేశపాయన బిషప్ అయ్యుడు అదే మొదలు) బాప్తిస్మం పొందినోళ్లను తమ చెయ్యి తమ నెత్తి మీదనే పెట్టుకోమనేటోళ్లట, "నేను బాప్తిస్మం పొందిన, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అని అనిపిచ్చేటోళ్లట. మా తాత ఎనభై ఏండ్లకు గూడ ఈ ముచ్చట చెప్తుంటే చెయ్యి దానంతట అదే నెత్తి మీదికి పోయేది. నీళ్లు ఎన్ని బిందెలు అని ఎవ్వలు అడగలే.

ఓరుగల్లు_బాప్టిస్ట్:
ఒప్పుకుంట, కానీ మాకు గూడ పెద్ద ముచ్చట్లు ఉన్నయ్ తమ్మీ. 1878 జులై 3, ఒంగోలు దిక్కు వెల్లంపల్లి కాడ గుండ్లకమ్మల ఒక్కరోజే 2,222 మంది మునిగిన్రు. ఆరుగురు బోధకులు, ఒక్కసారికి ఇద్దరిద్దరే నీళ్లల్ల నిలవడుడు. దానికంటె ముందటిది చూడాలె అసలు. కరువుల క్లౌ దొర (అమెరికా బాప్టిస్టు మిషనరీ) బకింగ్‌హాం కాలువ తవ్వకం పని పట్టి జనానికి కూలి ఇప్పిచ్చిండు, కానీ కరువు పొయ్యేదాంక బాప్తిస్మాలు ఆపిండు, గంజి కోసం వచ్చిన్రు అంటరని. ఇప్పుడైతే మూడు మీటింగులకు వస్తే నాలుగో దినం తొట్టిలనే ఉంటున్నరు కొన్ని కాడ, మాదాంట్ల గూడ.

ఫాతిమానగర్_అక్క:
మేం క్యాథలిక్కులం, మాకు ఈ పంచాయితీ లేదు. మేం జ్ఞానస్నానం అంటం. నీళ్లతోని, తండ్రి కుమార పరిశుద్ధాత్మ పేరు మీద అయితే వేరే సంఘంల అయినా సరే మళ్ల ఇయ్యరు. మా ఆయన సీఎస్ఐ నుంచే కలిసిండు, ఫాదర్ గారు సర్టిఫికెట్ అడిగి చూసిన్రు, గంతే. ఇంకొకటి, పాణం మీదికొస్తే మాదాంట్ల ఎవరన్న ఇయ్యొచ్చు. మా చిన్నమ్మ నర్సు, నెలలు నిండక పుట్టిన ఒక పాపకు, తల్లి అడిగితేనే, గ్లాసుల నీళ్లు తీసుకొని ఆమెనే పోసింది. ఆ పాప ఇప్పుడు డిగ్రీ. తమ్ముడూ, మీ అమ్మను ఒక్కసారి ఆ పాస్టర్ కాడికి తోల్కపో, ఆమె మాట ఆమెనే చెప్పనియ్యి.

నర్సంపేట_దిక్కు:
నేను మీ లెక్క పుట్టుక నుంచి క్రైస్తవురాలిని కాదు, మా ఇంట్ల ఎల్లమ్మ, మల్లన్న. బాప్తిస్మం లేకుంటనే ఆరేండ్లు చర్చికి పోయిన, ఎవ్వలు ఏమనలే, మా అత్తమ్మ గూడ "ప్రార్థన మంచిదే పో" అనేది, బాప్తిస్మం అన్న దినం మాత్రం ఇల్లు ఇల్లంత లేచింది, ఎందుకంటే గది తీసుకుంటె ఇంక మన మనిషి కాదు అని వాళ్ల భయం. ఆఖరికి ఊరి చెరువుల తూము కాడ తీసుకున్న. తెల్లచీర గాలి నిండి ఉబ్బి మీదికి తేలుతుంటె ఒకామె ఎనుకనుంచి వచ్చి మోకాళ్ల కాడ చీర ఒత్తి పట్టుకున్నది, ఆమె పేరు గూడ నాకు తెల్వది అప్పుడు. ఆ యేడు బతుకమ్మకు వాడకట్టోళ్లు నన్ను పిలువలే, రాను అనుకున్నరు, నేను పోయేదాన్ని గూడ కాదు కావచ్చు, కానీ పిలువలే కద, తలుపు ఎనుక నిలవడి చప్పట్లు ఇన్న. తర్వాత ఏడాదికి ఆపరేషనై ఎంజీఎం దవఖానల పదకొండు దినాలు ఉన్న, చీర పట్టినామె వంతులు పెట్టి పొద్దుకొకరిని టిఫిన్ డబ్బాతోని పంపింది. మా అత్తమ్మ మూడు దినాలు ఆ డబ్బా ముట్టలే, నాలుగో దినం తిన్నది, ఉప్పు తక్కువైందన్నది. చిలకరించుడా ముంచుడా మీరే చూసుకోన్రి, నాకైతే బాప్తిస్మం అంటే ఆమె చెయ్యే యాదికొస్తది.

పరకాల_సార్:
చెల్లె చెప్పింది ఇంటి భయం, కాయితం (కులం సర్టిఫికెట్) భయం ఇంకోటి ఉన్నది. 1950 ఉత్తర్వుల ఎస్సీ హోదా హిందువులకే, 1956ల సిక్కులను, 1990ల బౌద్ధులను కలిపిన్రు, క్రైస్తవులను కలపలే. ఎస్సీల నుంచి క్రైస్తవంలకు మారినోళ్లకు మన కాడ బీసీ-సీ, రిజర్వేషన్ ఒక్క శాతం. 2024 నవంబర్ల సుప్రీంకోర్టు గూడ బాప్తిస్మం తీసుకొని చర్చికి పోతున్నామెకు ఎస్సీ సర్టిఫికెట్ కుదరదన్నది. గందుకే మా వాడల ముందు బెంచీల కూసునే ఒక పెద్దమనిషి, పాటలన్ని నోటికొస్తయ్, ఇప్పటిదాంక బాప్తిస్మం తీసుకోలే, పిల్లల నౌకరీలు కానియ్యి అంటడు. బల్ల వచ్చినప్పుడు తల కిందికి వేసుకుంటడు. ఆయనకు విశ్వాసం లేదని నేనైతే అనలేను.

డోర్నకల్_మనుమడు:
ఇది వేరే చర్చ పెట్టాలె సార్, పెద్దది. పిలగాని ముచ్చట ఏమైందో ముందు చెప్పనియ్యిన్రి.

కరీంనగర్_పిలగాడు:
అక్క చెప్పినట్టే అమ్మను తోల్కపోయిన. నా బాప్తిస్మం సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవర్ల పెట్టుకొచ్చింది, మడతల కాడ చినిగింది, టేబుల్ మీద పెట్టి ఏం మాట్లాడలే. పాస్టర్ గారు చాన సేపు చూసి "అమ్మా, ఇది ఉత్తది అని నేను అనలే, కానీ సంఘం రూలు నేనొక్కన్ని మార్చలేను" అన్నడు, మాకు చాయ్ గూడ పోయించిండు. పెండ్లి మా కరీంనగర్ చర్చిలనే ఇగ, మూడు ఆదివారాలు పెండ్లి ప్రకటన మా కాడనే చదువుతరు. పిల్ల సభ్యత్వం హన్మకొండలనే ఉంటది. నేను మునుగుతలేను. అత్తగారింటికి పోయినప్పుడు బల్ల ఆదివారం పడితే, ఓరుగల్లు అన్న వాళ్లమ్మ లెక్క, మా ఆమె నన్ను దాటిచ్చి పక్కకు ఇస్తది. అది ఎట్లుంటదో ఇంకా తెల్వది.

ఓరుగల్లు_బాప్టిస్ట్:
మంచిదే తమ్మీ. మరి రేపు పిల్లలైతే? చిలకరింపా, ఆగుడా?

కరీంనగర్_పిలగాడు:
అన్నా, ముందు పెండ్లి కానియ్యరాదే.