'ఎ ఫారెస్ట్' గిటార్ సౌండ్ రావట్లేదు, ఫ్లాంజర్ సెట్టింగ్ చెప్పగలరా?

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ ద క్యూర్ వాళ్ల 'ఎ ఫారెస్ట్' నాకు ప్రాణం. 1980లో 'సెవెన్టీన్ సెకండ్స్' ఆల్బమ్‌లో వచ్చిన పాట. గోతిక్ రాక్‌లో బౌహౌస్, సిస్టర్స్ ఆఫ్ మెర్సీ కూడా వింటాను, కానీ కూర్చుని వాయించాలనిపించేది ఇదొక్కటే. మూడు వారాలుగా పట్టుబట్టాను. ఏ మైనర్, సి, ఎఫ్, డి మైనర్ వరస చేతికి వచ్చేసింది. సౌండే రావట్లేదు.

రికార్డులో ఆ బ్యాండ్ గాయకుడు, గిటారిస్టు రాబర్ట్ స్మిత్ గిటార్ పొగమంచులోంచి వస్తున్నట్టు చల్లగా ఉంటుంది, అయినా ప్రతి తీగా విడిగా వినపడుతుంది. నాది విమానం నెత్తిమీంచి పోతున్నట్టు హోరుమంటుంది. రెండు తీగలు కలిపి మీటితే అంతా ముద్దయిపోతుంది.

నా దగ్గరున్నవి: మూడు సింగిల్ కాయిల్ పికప్‌ల గిటార్, 15 వాట్ల ఆంప్, అదీ క్లీన్ ఛానల్‌లో. ముందు ఫ్లాంజర్ పెడల్ (సౌండ్‌ని సుడి తిరుగుతున్నట్టు ఊపేది), తర్వాత డిలే (ప్రతిధ్వనిలా మళ్లీ వినిపించేది). గడియారం లెక్కలో చెప్పాలంటే ఫ్లాంజర్ రేట్ (ఊపు వేగం) నాబ్ 9 దగ్గర, డెప్త్ (ఊపు ఎంత) 2 దగ్గర, ఫీడ్‌బ్యాక్ (ఎఫెక్ట్ ఘాటు) 12 దగ్గర ఉన్నాయి. డిలే 375 మిల్లీసెకన్లు, రెండు రిపీట్లు.

కొత్త తీగలు వేశాను, బ్రిడ్జ్ పికప్‌కి మార్చాను, డిలే పూర్తిగా తీసేసి చూశాను. ఫ్లాంజర్ బదులు కోరస్ పెడల్ (రెండు గిటార్లు కలిసినట్టు వినిపించేది) పెడితే సౌండ్ మరీ తియ్యగా అయిపోయింది. ఫీడ్‌బ్యాక్ తగ్గిస్తే హోరు పోతోంది, దాంతోపాటే ఆ చలీ పోతోంది. అక్కడే ఆగిపోయాను.

ఈ పాటని ఫ్లాంజర్‌తో వాయించినవాళ్లెవరైనా ఉంటే, రేట్, డెప్త్, ఫీడ్‌బ్యాక్ నాబ్‌లు ఎక్కడ పెట్టారో చెప్పగలరా?