ట్రెటినాయిన్ మొదలుపెట్టిన తొలి వారాల మంట: ఓర్చుకోవాలా, ఆపాలా?

కొబ్బరితోట (అమలాపురం)

నాకు 49 ఏళ్లు. ఉపాధ్యాయురాలిగా ఇరవై ఏళ్లకు పైగా ఎండలో స్కూటీ మీద బడికి వెళ్లి వచ్చినందువల్ల కళ్ల పక్కన ముడతలూ, బుగ్గల మీద గోధుమరంగు మచ్చలూ ఏర్పడ్డాయి. కాకినాడలో చర్మవైద్యురాలు పరీక్షించి, రాత్రిపూట రాసుకోమని 0.05 శాతం ట్రెటినాయిన్ క్రీము రాసిచ్చారు. తొమ్మిదో రోజుకల్లా నోటి చుట్టూ చర్మం ఎండిన ఉల్లిపొరలా లేవడం మొదలైంది. మొన్న పులిహోర తింటుంటే నిమ్మపులుపు పెదవి మూలకు తగిలి, కళ్లవెంట నీళ్లు వచ్చి, విస్తరి ముందునుంచి లేచిపోవలసి వచ్చింది. ఇదే మందు వాడిన మా వదినగారు, మంట పుడుతోందంటే మందు పనిచేస్తోందని అర్థమనీ, ఆరు వారాలు పళ్లబిగువున ఓర్చుకోమనీ అంటున్నారు. బడిలో సహోద్యోగిని మాత్రం ఈ రోజే ఆపేయమంటున్నారు. వైద్యురాలి దగ్గరకు మళ్లీ వెళ్లడానికి ఇంకా పది రోజులుంది. ఈలోగా అనుభవం ఉన్నవారు తమ అభిప్రాయం, దానికి కారణంతో సహా, చెప్పవలసిందిగా కోరుతున్నాను.

కాలువగట్టు (భీమవరం)

అమ్మా, నేను కొనసాగించమనే చెబుతాను. నాకు రెండో వారం అన్నిటికంటే కష్టంగా గడిచింది, అయిదో వారానికి పొరలు రాలడం తగ్గింది, ఆరో నెలకు నుదుటి మీది సన్నగీతలు మెత్తబడ్డాయి. ఇది నిన్న మొన్న వచ్చిన మందు కాదు. అమెరికాలో 1971లోనే మొటిమలకు అనుమతి పొందింది. మొటిమలకు వాడుతున్న పెద్దవయసు వారు తమ ముఖం నునుపెక్కిందని చెప్పడం గమనించి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆల్బర్ట్ క్లిగ్మన్ ఎండకు ముదిరిన చర్మం మీద దీన్ని పరీక్షించి 1986లో ఫలితాలు ప్రకటించారు. సన్నని ముడతల కోసం ప్రత్యేకంగా 1995లో అక్కడ అనుమతి వచ్చింది. తొలి వారాల ఎరుపు, పొడిదనం, పొట్టు లేవడం వైద్యులకు బాగా తెలిసినవే, వాటిని రెటినాయిడ్ డెర్మటైటిస్, అంటే ఈ జాతి మందుల వల్ల చర్మానికి పుట్టే మంట, అంటారు. ముడతల మీద ఫలితం కనబడాలంటే కనీసం మూడు నాలుగు నెలలు కావాలి. మూడో వారంలో ట్యూబు సొరుగులో పడేసినవారికి బాధ మిగులుతుంది, లాభం మాత్రం దక్కదు. మా ఇంట్లోనే ఇద్దరు ఆ విధంగా వదిలేశారు కనుక ఇంత గట్టిగా రాస్తున్నాను.

మందులకొట్టు (పాలకొల్లు)

కాలువగట్టుగారు ఓపిక గురించి చెప్పినదానితో ఏకీభవిస్తాను. కానీ మంటే మందు పనిచేస్తున్నదనడానికి గుర్తు అన్న మీ వదినగారి మాటను మాత్రం ఒప్పుకోలేను, ఎందుకంటే దాన్ని నేరుగా పరీక్షించి చూశారు. 1995లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో కొందరికి 0.1 శాతం, కొందరికి 0.025 శాతం ట్రెటినాయిన్‌నూ, మరికొందరికి మందు లేని క్రీమునూ ఇచ్చి 48 వారాలు గమనించారు. ఎండకు ముదిరిన చర్మం రెండు మోతాదుల్లోనూ దాదాపు ఒకే స్థాయిలో మెరుగుపడింది, మంట, ఎరుపు మాత్రం ఎక్కువ మోతాదు వాడినవారిలో స్పష్టంగా ఎక్కువగా కనిపించాయి. అంటే నాలుగో వంతు బలంతో అదే ఫలం దక్కిందన్నమాట. ఎక్కువ బాధ పడినవారికి ఎక్కువ లాభం వస్తుందన్న నమ్మకానికి ఇక ఆధారమేముంది?

కారణం కూడా చెబుతాను. ఈ మందు కణం లోపలి కేంద్రకంలోని గ్రాహకాలకు అతుక్కుని, పైపొర కణాలు త్వరత్వరగా మారేలా చేస్తుంది, లోపలి పొరలో చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ తయారీని పెంచుతుంది. పైపొర ఆ వేగానికి అలవాటు పడేలోగా, నీటిని పట్టి ఉంచే కట్టు వదులవుతుంది. మంట ఆ వదులైన కట్టు నుంచి వస్తుంది. ముడతలు తగ్గించే పని లోపలి పొరలో, నెలల తరబడి, చడీచప్పుడు లేకుండా సాగుతుంది.

అమ్మా, మీరు ఎంత క్రీము తీసుకుంటున్నారు? ముఖమంతటికీ బఠాణీ గింజంత చాలు. కడిగిన వెంటనే రాస్తున్నారా, 20 నుంచి 30 నిమిషాలు ఆరనిస్తున్నారా? ట్యూబు మీద ట్రెటినాయిన్ ఒక్కటే ఉందా, వేరే పేర్లు కూడా ఉన్నాయా? మంగుమచ్చలకని హైడ్రోక్వినోన్ (మచ్చల రంగు తగ్గించే మందు), స్టెరాయిడ్, ట్రెటినాయిన్ కలిపిన క్రీము చీటీ లేకుండానే కావాలని వారానికి పదిమందైనా మా కొట్టుకు వస్తారు. స్టెరాయిడ్ మంటను అణచిపెడుతుంది కనుక అది సుఖంగా ఉంటుంది. నెలల తరబడి వాడితే చర్మం పలచబడి, ఎర్రని రక్తనాళాలు తేలి, మానితే ముఖం భగ్గుమంటుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం అలాంటి స్టెరాయిడ్ క్రీములను చీటీ ఉంటేనే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. ఆ చట్టాన్ని పాటించినందుకు నన్ను తిట్టి వెళ్లినవారున్నారు, అయినా ఇవ్వను.

లంకవాసి (ముక్తేశ్వరం)

మీరు మోతాదుల లెక్క చెబుతున్నారు, మాలాంటి చామనఛాయ చర్మం సంగతి చెప్పడం లేదు. నాకు మంట తగ్గింది, మచ్చ మిగిలింది. ఓర్చుకోవాలన్న మాట విని అయిదు వారాలు రోజూ రాశాను. మా పినతల్లి కూతురి పెళ్లి ముందు పార్లరులో పైపెదవి మీద వ్యాక్సింగ్ చేయించుకుంటే, రోమాలతో పాటు చర్మం కూడా లేచి వచ్చింది. అక్కడ ఏర్పడిన నల్లని చార పోవడానికి ఏడు నెలలు పట్టింది. కోటిపల్లి రేవులో పంటు కోసం నిలబడితే, పైన ఎండా, కింద నీటి మీది నుంచి కొట్టే వెలుగూ కలిసి ఆ చారను ఇంకా ముదర్చాయి. తెల్లచర్మం వారికి ఎర్రబడి తగ్గిపోయేది మనకు నల్లబడి నిలిచిపోతుంది.

అసలు ఈ మందు అందరికీ అవసరమా అన్నది నా ప్రశ్న. ఆస్ట్రేలియాలోని నాంబర్ పట్టణంలో సుమారు తొమ్మిది వందల మందిని నాలుగున్నరేళ్లు గమనించి 2013లో ప్రకటించిన అధ్యయనంలో, రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవారి చర్మం ఆ కాలంలో చెప్పుకోదగ్గంతగా ముదరలేదని తేలింది. ముందు అది రాసుకోండి, గొడుగు పట్టుకోండి.

కాలువగట్టు (భీమవరం)

మచ్చ విషయంలో మీరు చెప్పింది న్యాయం. నాది తెల్లటి చర్మం కనుక ఆ కోణం నాకు తట్టలేదు, మొదటి టపాలో రాయకపోవడం నా లోపమే. అయితే సన్‌స్క్రీన్ ముదరడాన్ని ఆపుతుంది, ఉన్న ముడతను తగ్గించేది ట్రెటినాయిన్. ఒకదానికి బదులు మరొకటి కాదు. పార్లరులో జరిగినదానికి మందును పూర్తిగా తప్పుపట్టడం కూడా సరికాదు, ఇది వాడుతున్నంతకాలం వ్యాక్సింగ్ చేయించుకోవద్దని మీకు ముందే ఎవరో చెప్పి ఉండవలసింది.

లంకవాసి (ముక్తేశ్వరం)

చెప్పి ఉండవలసింది, నిజమే. చీటీ మీద మందు పేరు మాత్రమే ఉంది, దాని కింద ఒక్క వాక్యం లేదు. మందు కాకపోతే ఆ మౌనమైనా నాకు హాని చేసింది.

మందులకొట్టు (పాలకొల్లు)

ఆ మాట నాకూ తగిలింది. ట్యూబు చేతికిచ్చేటప్పుడు చెప్పవలసిన బాధ్యత మాది కూడా. కనుక ఇక్కడే రాస్తున్నాను. పొడిదనం, సన్నగా పొట్టు లేవడం, రాసిన కాసేపు చురుక్కుమనడం భరించదగినవి. వాటికి మందు మానక్కర్లేదు, రెండు మూడు రాత్రులకొకసారి రాస్తూ, ముందు మాయిశ్చరైజరు పూసి దాని మీద రాస్తే చాలావరకు సర్దుకుంటాయి. కనురెప్పలు వాయడం, నీరు కారడం, బొబ్బలు, పగలంతా తగ్గని మంట, మామూలు నీళ్లు తగిలినా కోసినట్లుండడం ఇవేవైనా ఉంటే పది రోజులు ఆగవద్దు, మందు ఆపి వైద్యురాలికి ఫోను చేయండి. గర్భవతులు, గర్భం కోరుకుంటున్నవారు దీన్ని వాడరాదు.

కొబ్బరితోట (అమలాపురం)

ట్యూబు మీద ట్రెటినాయిన్ ఒక్కటే ఉంది. కానీ రాత్రి క్రీము పిండి చూసుకుంటే, నేను చూపుడువేలి చివరి కణుపు పొడవునా తీసుకుంటున్నానని తేలింది, అది రెండు బఠాణీలకు తక్కువ కాదు. పైగా సున్నిపిండితో రుద్ది కడిగి, తడి ఆరకముందే రాసేదాన్ని. నీళ్లు తగిలినా మంట పుడుతున్నందువల్ల ఉదయమే వైద్యురాలికి ఫోను చేశాను. మంట పూర్తిగా తగ్గేవరకు మాయిశ్చరైజరు తప్ప ఏమీ రాయవద్దనీ, తరువాత 0.025 శాతంతో సోమ, గురువారాల్లో మాత్రమే మొదలుపెట్టమనీ, సున్నిపిండి ముఖానికి పూర్తిగా మానేయమనీ చెప్పారు. వదినగారికి మూడో టపా చదివి వినిపించాను. ఆవిడ కాసేపు మాట్లాడకుండా ఉండి, తన ట్యూబు మీద ఏమి రాసి ఉందో చూసి చెబుతానన్నారు.