అప్‌డేట్: ఏరేటర్ బోర్డు బిగుసుకుపోవడానికి కారణం దొరికింది

ఇందుకూరుపేట రొయ్యల చెరువులో నీటికి ఆక్సిజన్ ఎక్కించే ఏరేటర్లను నడిపే బోర్డు (ఎస్‌టీఎం32ఎఫ్103 మైక్రోకంట్రోలర్, 20 కేబీ ర్యామ్, ఫ్రీఆర్‌టాస్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్) ఉన్నట్టుండి ఎందుకు ఆగుతోందని అడిగాను కదా. మీరన్నట్టే హీప్ (ప్రోగ్రాం నడుస్తుండగా అడిగి తీసుకునే మెమరీ) ముక్కలైంది. మొత్తం ఖాళీ 3,100 బైట్లు, అతిపెద్ద ముక్క మాత్రం 212. 256 బైట్ల ఎస్సెమ్మెస్ బఫర్ అడిగితే నల్ (మెమరీ దొరకలేదనే జవాబు) రాక ఏం వస్తుంది! ఫ్రీఆర్‌టాస్‌లో మెమరీ పంచే హీప్_4 పక్కపక్కనున్న ఖాళీలనే కలుపుతుంది, మధ్యలో వాడుకలో ఉన్న బ్లాకును జరపదు.

ఇప్పుడు టాస్కులు, క్యూలు అన్నీ స్టాటిక్, అంటే వాటి మెమరీ ముందే కేటాయించేశాం. ఎస్సెమ్మెస్‌కు ముందే పక్కన పెట్టిన 4 బఫర్ల పూల్. ఖాళీ బఫర్ లేకపోతే ఆ మెసేజ్‌ను వదిలేస్తాం, ఏరేటర్ టాస్క్ ఆగదు.

ఇంకో దొంగ న్యూలిబ్ అనే సీ లైబ్రరీ. దశాంశ సంఖ్యను స్ప్రింట్ఎఫ్‌కి (సంఖ్యను అక్షరాలుగా మార్చే ఫంక్షన్) ఇస్తే లోపల మాలక్‌ను (మెమరీ అడిగే ఫంక్షన్) పిలుస్తుంది, అదీ వేరే హీప్ నుంచి, అందుకే ఫ్రీఆర్‌టాస్ లెక్కల్లో కనపడలేదు. ఆక్సిజన్ విలువను పదింతల పూర్ణాంకంగా ఉంచి, సొంత ఫంక్షన్‌తో అంకెలుగా మారుస్తున్నాం. ప్రింట్ఎఫ్ కుటుంబాన్నీ, మాలక్‌కు మెమరీ తెచ్చే ఎస్‌బ్రేక్‌నీ, అలాంటి ఫంక్షన్లకు డమ్మీలు ఇచ్చే నోసిస్ స్పెక్స్ సెట్టింగ్‌నీ తీసేశాం. ఇక ఎవరు మాలక్ పిలిచినా ప్రోగ్రాం ముక్కల్ని కలిపే లింకరే ఒప్పుకోదు.