కుటుంబ జ్ఞాపకాలు రాయాలంటే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? (చర్చ)

మూసీ ఒడ్డు:
మాది వలిగొండ వైపు, మూసీకి దగ్గరి ఊరు. ఉపాధ్యాయ వృత్తి నుంచి విరమణ పొంది కొన్నేళ్లయింది. మనుమలు, మనుమరాళ్లు ఊరికి దూరంగా పెరుగుతున్నారు. వారి కోసం మా నాయిన, మా తాత బతికిన తీరును ఒక పుస్తకంగా రాసిపెట్టాలని ఉంది. వంశక్రమం ప్రకారం రాద్దామంటే ముత్తాతకు పైన నాకు తెలిసినవి వట్టి పేర్లే, అవి కూడా మగవారి పేర్లే. పొలం సంగతికి వస్తే మాత్రం చెప్పవలసినది ఎంతో ఉంది. ఎడ్లతో నీళ్లు తోడే మా మోట బాయికి మొదట కరెంటు మోటారు వచ్చింది, ఆ తరువాత చుట్టూ బోర్లు పడి బాయి ఎండిపోయింది, ఇప్పుడు సగం పూడిపోయింది కూడా. అయినా ఒర మీద పరిచిన బండలో మోకు (మోట తాడు) రాసుకొని పడిన గాడి అలాగే ఉంది. వేలు పెడితే మొదటి కణుపు దాకా దిగుతుంది, లోపల అద్దంలా నున్నగా ఉంటుంది. మా తాత, మా నాయిన, మా ఇంట్లో జీతమున్న మనిషి, ఈ ముగ్గురూ ఎడ్లను ముందుకూ వెనక్కూ నడిపించిన ఏళ్లన్నీ ఆ గాడిలో ఉన్నాయని నాకు అనిపిస్తుంది. కాబట్టి మనుషుల పుట్టుక నుంచి కాకుండా బాయి, వాగు, చెలక, చెట్టు వీటి నుంచి మొదలుపెట్టి మనుషుల దగ్గరికి రావచ్చునా? రాసి చూసినవారు తమ అనుభవం చెప్పగలరు.

పాత దస్తావేజు:
తప్పకుండా అలాగే రాయండి. నేను రెవెన్యూ శాఖలో పనిచేసినవాణ్ణి కాబట్టి కాగితాల వైపు నుంచి నాలుగు మాటలు చెబుతాను. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో మనుషుల పుట్టిన తేదీలు దొరకడం అరుదు గాని, భూమి మాత్రం లెక్క తప్పకుండా రాయబడి ఉంది. 1954-55 ఖాస్రా పహాణీ, అంటే ఊరి భూముల రికార్డులో సర్వే నంబరు, తరి (మాగాణి) లేదా ఖుష్కి (మెట్ట), పట్టాదారు పేరు, సాగులో ఉన్నవారి పేరు వేర్వేరు గడుల్లో ఉంటాయి. పట్టా ఒకరిది, సాగు మరొకరిది అయినచోట ఆ రెండు పేర్ల మధ్యన ఏదో ఒక కథ ఉంటుంది. అది కౌలు కావచ్చు, అప్పు కావచ్చు, అన్నదమ్ముల పంపకం కావచ్చు. ఇంట్లో పెద్దవారెవరైనా ఉంటే ఆ రెండు పేర్లూ చదివి వినిపించండి. సంగతులు వాటంతట అవే బయటికి వస్తాయి.

అంతకన్నా పాతవైన సేత్వారులు (సర్వే నాటి భూమి రిజిస్టర్లు), ఇనాం భూముల ముంతఖబులు (హక్కు పత్రాలు) ఉర్దూలో ఉంటాయి, వాటి మీద ఫస్లీ సంవత్సరం, అంటే నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరం, వేసి ఉంటుంది. దానికి 590 కలిపితే ఆ ఫస్లీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఆ ఫస్లీలో జనవరి, ఆ తరువాతి నెలలైతే 591 కలపాలి. ఉదాహరణకు జాగీర్ల రద్దు ఉత్తర్వు 1358 ఫస్లీ నాటిది, అంటే 1949. పెద్దవారు తెలుగు సంవత్సరం పేరు చెబితే అది ఇంకా సులువు. సర్వధారి అన్నారంటే 1948-49, అంటే భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి వచ్చిన పోలీసు చర్య జరిగిన ఏడు.

తేదీ అసలే గుర్తులేనివారిని ఆకాశం గురించి అడగండి. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన రెండు జిల్లాల మీదుగానే పోయింది. ఆ మధ్యాహ్నం పక్షులు గూళ్లకు మళ్లిన సంగతి ఆనాడు పదేళ్లు దాటిన ప్రతివారికీ గుర్తుంటుంది. ‘గ్రహణం నాటికి మీ పెద్దబ్బాయి నడుస్తున్నాడా, చంకలో ఉన్నాడా’ అని అడిగితే వయసు తేలిపోతుంది.

తంగేడు పూలు:
మాది మర్రిగూడ మండలం. వృద్ధాప్యం గురించి రాసేవారు మా ప్రాంతంలో దాన్ని ఏండ్లతో లెక్కపెట్టలేరని గుర్తుంచుకోవాలని మనవి. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మా బావుల్లో, బోర్లలో అది ఎన్నో రెట్లు ఉండేది. ఆ నీళ్లే తాగి, ఆ నీళ్లతోనే జొన్న గటక వండుకున్న మా నాయనమ్మ నడివయసులోనే మెడ తిప్పలేని స్థితికి వచ్చింది. వెనుక నుంచి ఎవరైనా పిలిస్తే ఆమె మనిషి మొత్తం తిరిగి చూసేది. నడుము వంగిపోయిన తరువాత కూడా గడప మీద కూర్చొని చింతపండు గింజ తీసేది, ఆముదాలు దంచేది. మా ఇంటికి కృష్ణా నీళ్లు వచ్చేసరికి ఆమె లేదు.

నేను ఆమె గురించి రాయడం మొదలుపెట్టినప్పుడు నాకు మొదట వచ్చిన వాక్యాలన్నీ రోగం గురించే. కొన్నాళ్లు పక్కన పెట్టి చదివితే అందులో నాయనమ్మ కనిపించలేదు, ఆమె ఎముకలు మాత్రమే కనిపించాయి. అప్పుడు ఆమెకు తెలిసిన విషయాలు రాయసాగాను. ఏ చెలకలో కుసుమలు బాగా వస్తాయి, వాగు ఇసుకలో ఎక్కడ చెలిమె తవ్వితే తియ్యటి నీళ్లు ఊరుతాయి, రేల పూలు విరగబూసిన ఏడు వానలు ఎలా ఉంటాయని ఆమె నమ్మకం, బతుకమ్మకు గునుగు పువ్వు ఏ గట్టు మీద దొరుకుతుంది, ఇవన్నీ. చెలిమె నీటికీ బావి నీటికీ రుచిలో తేడా ఉందని ఆమె ఎప్పుడూ అనేది. ఆ తేడా ఏమిటో పరీక్షలు చేసి చెప్పినవారు రాకముందే ఆమె నాలుకకు తెలుసునని నేను నమ్ముతాను.

పాత దస్తావేజు గారు చెప్పిన పహాణీల్లో ఆమె పేరు ఒక్క గడిలోనూ లేదు. తాత పేరుంది, ఆయన తమ్ముళ్ల పేర్లున్నాయి. ఆ నేల మీద అందరికన్నా ఎక్కువ వంగి పనిచేసినది ఆమె. కాగితాలను ఆధారం చేసుకొని రాసే పుస్తకంలో ఆడవారు మళ్లీ తప్పిపోతారు, ఈ మాట గట్టిగా చెప్పవలసి ఉంది.

పాలమూరు బాట:
అక్కా, మీ మాట నిజం. ఇంకొక వరుస కూడా ఉంది. అసలు పహాణీయే లేనివారం మేము. మా తాతకు గజం భూమి లేదు. మేస్త్రీ దగ్గర ముందుగా తీసుకున్న అడ్వాన్సు తీరేదాకా గుంపుతో కలిసి ఊరు విడిచి పోవడమే ఆయన బతుకు. ఆ తరువాత మా నాయిన కూడా అదే దారి పట్టాడు. నాగార్జునసాగర్ కట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన సంగతి బడి పుస్తకంలో చదువుకున్నాను. ఆ కట్ట మీద రాయి మోసినవారిలో మా తాత ఉన్నాడన్న సంగతి ఇంట్లో విన్నాను. శ్రీశైలం పనికి మా అవ్వ, నాయిన ఇద్దరూ పోయారు. మా అన్న అక్కడి గుడిసెల్లోనే పుట్టాడు.

కాబట్టి మా కుటుంబ చరిత్రను నేను కట్టల వారీగా, కాలువల వారీగా రాస్తున్నాను. ప్రతి అధ్యాయానికీ ఒక నది పేరు. పోయిన చోట చెట్లెలా ఉండేవి, గుడిసె మీద ఏ ఆకు కప్పారు, అక్కడి రాయి మెత్తనా గట్టిదా అని అవ్వను అడిగితే ఆమె గంటల కొద్దీ చెబుతుంది. ఏ సంవత్సరం అని అడిగితే మాత్రం ఊరుకుంటుంది. ఊరిలో మా ఇంటి ముందు వేప చెట్టు ఒక్కటే మా సొత్తు. ప్రతి వానకాలం ఊరికి తిరిగి వచ్చినప్పుడు దాని మొదలు చుట్టూ చేతులు పెట్టి ఎంత లావైందో చూసేవారట.

మూసీ ఒడ్డు:
మీ ముగ్గురి మాటలు చదివిన తరువాత నా పుస్తకంలో మా ఇంట జీతమున్న ఆ మనిషికి సొంతంగా ఒక అధ్యాయం ఉండాలని నిశ్చయించుకున్నాను. ఆయన కొడుకు పక్క ఊరిలోనే ఉన్నాడు. ఆయనను కలిసి, వారి వైపు నుంచి చెప్పదలచుకున్నది చెప్పినట్టే రాసుకుంటాను.

ఇంకొక విషయంలో సలహా కావాలి. మా నాయినకూ చిన్నాయనకూ గెట్టు (పొలం హద్దు) తగాదా వచ్చి చాలా ఏండ్లు మాటలు లేవు. అది రాయకపోతే బాయి ఎందుకు పాడుబడిందో అర్థం కాదు. రాస్తే చిన్నాయన పిల్లలు నొచ్చుకుంటారు.

తంగేడు పూలు:
రాసి, అచ్చుకు ముందు వారికి చదివి వినిపించండి. వారు చెప్పే పాఠం వేరుగా ఉంటే దాన్ని కూడా మీ దాని పక్కనే పెట్టండి. ఎవరిది న్యాయమో తేల్చే పని మనుమలకు అవసరం లేదు.

పాత దస్తావేజు:
ఈ ఒక్కదానిలో నాకు కొంత భిన్నాభిప్రాయం ఉంది. బతికి ఉన్నవారి తగాదాను పుస్తకంలోకి ఎక్కిస్తే అది రికార్డు అయిపోతుంది, మళ్లీ చెరగదు. గెట్టు తగాదా వల్ల బాయి పాడుబడింది అన్న ఒక్క వాక్యం చాలు.

వంశం పేర్ల సంగతి కూడా చెప్పాలి. మన వైపు పేర్లు తెలిసినవారు కుటుంబంలో లేకపోతే కులం కథలు చెప్పేవారిని వెదకండి. పద్మశాలీలకు కూనపులివారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు, రెడ్లకు పిచ్చకుంట్లవారు తరతరాలుగా గోత్రాలూ వంశాలూ నోటి మీద నిలుపుకొని వచ్చారు. ఊళ్లను పంచుకొని ఏటేటా తిరిగిన ఆ కుటుంబాల్లో ఇప్పుడు చెప్పగలిగినవారు తక్కువ, ఉన్నవారు పెద్ద వయసువారు. వారు చెప్పినది రికార్డు చేసుకుంటే వారికి ఇవ్వవలసిన కట్నం (కానుక) మర్యాదగా ఇచ్చి, పుస్తకంలో వారి పేరు రాయండి.

ముంపు ఊరు:
ఆలస్యంగా చేరుతున్నాను. మా ఊరు కొల్లాపూర్ వైపు కృష్ణ ఒడ్డున ఉండేది. 1980ల మొదట్లో శ్రీశైలం నీళ్ల కింద పోయింది. ఎండాకాలంలో జలాశయం బాగా తగ్గినప్పుడు గోడల మొదళ్లు, బాయి ఒరలు పైకి తేలుతాయి. అప్పుడు మా పెద్దవారు అక్కడికి పోయి, ఇది మన వంటిల్లు, ఇది పశువుల కొట్టం అని బురదలో నిలబడి చూపుతారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ముంపు నుంచి తప్పించి, విప్పి తెచ్చి ఆలంపూర్‌లో మళ్లీ కట్టారు. అది జరగడం నాకు సంతోషమే. ఇళ్లకు అటువంటి అవకాశం లేదు, వాటిని కాగితం మీదనే మళ్లీ కట్టాలి.

అందుకని మేము కథ కన్నా ముందు ఊరి పటం గీస్తున్నాము. సర్వే కార్యాలయంలో పాత గ్రామ నక్షా నకలు తీసుకున్నాము గాని, అందులో పొలాలు ఉంటాయి, ఇండ్లు ఉండవు. ఇండ్ల కోసం ఊరి నడుమ పాతిన బొడ్రాయి నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్క పెద్దవారినీ విడివిడిగా కూర్చోబెట్టి వాడలు చెప్పించుకుంటాము. అందరినీ ఒకేచోట కూర్చోబెడితే గొంతు పెద్దదైనవారు చెప్పినదే నిలుస్తుంది, ఆడవారు ఊరుకుంటారు. విడిగా అడిగితే మా మేనత్త మంచినీళ్ల బాయికి పోయే మూడు దారులు చెప్పింది. వాటిలో ఒకటి మగవారెవరికీ తెలియదు. ఆ దారి పొడవునా సీతాఫలం పొదలుండేవని, కొత్త కోడళ్లు అక్కడ ఆగి మాట్లాడుకునేవారని కూడా చెప్పింది. ఆ దారిని పటంలో వేరే రంగుతో గీశాము.

పాలమూరు బాట:
అన్నా, మాలవాడ, మాదిగవాడ ఇండ్లు కూడా అంతే వివరంగా గీయించారా? అటువంటి పటాలు చూసినప్పుడు నా కన్ను మొదట అక్కడికే పోతుంది.

ముంపు ఊరు:
గీస్తున్నాము గాని ఇంకా పూర్తి కాలేదు. అక్కడివారు కొందరు కర్నూలు వైపు, కొందరు హైదరాబాదు వైపు చెదిరిపోయారు, ఒక్కొక్కరినీ వెదుక్కుంటూ పోతున్నాము. ఇంతవరకు దొరికినవారు చెప్పిన ఇండ్లను సిరాతో గీశాము. ఇతరులు వారి గురించి చెప్పిన ఇండ్లను పెన్సిలుతో గీశాము. ఆ ఇంటివారు దొరికి సరే అన్న తరువాతనే సిరా వేస్తాము.

పాత దస్తావేజు:
మూసీ ఒడ్డు గారు, మీ ఇంట్లో ఉర్దూ కాగితాలుంటే ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి, చదివి చెబుతాను. మడత విప్పేటప్పుడు మడత గీత దగ్గర చిరుగుతాయి, కాబట్టి నీడలో ఒక పూట తెరిచి ఉంచి తీయండి. ముద్ర ఉన్న మూల, వెనుక వైపు రాత తప్పనిసరిగా కనిపించాలి. సాక్షుల పేర్లు చాలాసార్లు ఆ వెనుక వైపే ఉంటాయి.