హెచ్‌పీవీ మీద పీహెచ్‌డీ: ఏ ప్రశ్న ఎంచుకోవాలి, ల్యాబ్‌లో ఎక్కడ తప్పుతుంది?

కొత్త_పైపెట్:
ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చివరి సెమిస్టర్. స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో వైరస్‌ల పాత్ర మీదే పరిశోధన చేయాలని ఉంది. ముందు రెండు పీహెచ్‌డీ టాపిక్‌లు ఉన్నాయి. ఒకటి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిల్లోమా వైరస్) తయారుచేసే ఈ6, ఈ7 ప్రొటీన్లు ఏం చేస్తాయన్నది. రెండోది, రొమ్ము క్యాన్సర్ పాత పారఫిన్ బ్లాకుల్లో (ఫార్మలిన్‌లో ఉంచి మైనంలో భద్రపరిచిన కణజాలం) హెచ్‌పీవీ, ఈబీవీ (ఎప్‌స్టీన్-బార్ వైరస్) ఉన్నాయేమో పీసీఆర్‌తో (డీఎన్‌ఏ ముక్కకు ఎన్నో నకళ్లు తీసి పట్టుకునే పద్ధతి) వెతకడం. రెండోదైతే పేపర్లు తొందరగా వస్తాయంటున్నారు. ఏది మేలు? మొదటి ఏడాది ఏం పట్టుబట్టి నేర్చుకోవాలి?

కణజాలం:
రెండోదానికి ఒప్పుకునే ముందు బాగా ఆలోచించండి. కణితిలో వైరస్ డీఎన్‌ఏ దొరకడం వేరు, క్యాన్సర్‌కి అదే కారణమని తేల్చడం వేరు. ముఖద్వార క్యాన్సర్ విషయంలో ఆ గొలుసు మొత్తం ఉంది. హరాల్డ్ జుర్ హౌసెన్ బృందం 1983లో హెచ్‌పీవీ 16ని, ఆ మరుసటి ఏడు 18ని కణితుల్లోంచి వేరుచేసింది. ఈ క్యాన్సర్లలో దాదాపు 70 శాతం ఈ రెండు రకాలవే. ఈ6, ఈ7 ఆపేస్తే క్యాన్సర్ కణం పెరగడం మానేస్తుంది. రొమ్ము క్యాన్సర్‌లో అలాంటి గొలుసు లేదు, ఒక ల్యాబ్‌లో వచ్చింది ఇంకో ల్యాబ్‌లో రావడం లేదు.

ఎందుకు రావడం లేదో చూడండి. ఫార్మలిన్‌లో ఉన్న డీఎన్‌ఏ ముక్కలు ముక్కలైపోతుంది. ఎంవై09, ఎంవై11 ప్రైమర్లకి (పీసీఆర్ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్‌ఏ ముక్కల జత) 450 బేస్‌ల పొడవు ముక్క కావాలి, పాత బ్లాకులో అది దొరకదు. జీపీ5 ప్లస్, జీపీ6 ప్లస్‌కి 150 చాలు. ఎస్‌పీఎఫ్10కి 65 చాలు. బీటా గ్లోబిన్ (డీఎన్‌ఏ బాగుందా అని చూడటానికి వాడే మనిషి జీన్) కంట్రోల్ ముక్క మీ వైరస్ ముక్క కంటే పొట్టిగా ఉండకూడదు. పొట్టిదైతే కంట్రోల్ పాస్ అయిపోతుంది, వైరస్ ఉన్నా నెగటివ్ చూపిస్తుంది. పైగా ఈ ప్రైమర్లన్నీ వైరస్ పైతొడుగు ప్రొటీన్‌ది అయిన ఎల్1 జీన్ మీదే కూర్చుంటాయి. వైరస్ మన క్రోమోజోమ్‌లో కలిసిపోయేటప్పుడు ఎల్1 ఊడిపోవచ్చు, ఈ6, ఈ7 మాత్రం నిలిచి ఉంటాయి. కాబట్టి ఈ6 లేదా ఈ7 మీద ఇంకో జత తప్పనిసరి.

తప్పుడు పాజిటివ్ ఇంకా ప్రమాదం. బ్లాకుకీ బ్లాకుకీ మధ్య మైక్రోటోమ్ బ్లేడు మార్చాలి. మధ్యమధ్యలో కణజాలం లేని ఖాళీ పారఫిన్ బ్లాకు కోసి, దాన్నీ ఎక్స్‌ట్రాక్షన్ నుంచి పీసీఆర్ దాకా మిగతావాటితో పాటే నడపాలి. ఆ ఖాళీ బ్లాకులో గీత కనిపించిన రోజున ఆ బ్యాచ్ మొత్తం పక్కన పెట్టాల్సిందే. ఈబీవీతో ఇంకో చిక్కు: కణితిలోకి చేరిన బి లింఫోసైట్లలో (ఒక రకం తెల్ల రక్తకణాలు) ఆ వైరస్ దాగి ఉంటుంది. అంతా కలిపి నూరి పీసీఆర్ చేస్తే అది ఏ కణానిదో తెలియదు. ఈబీఈఆర్ (ఈబీవీ ఆర్‌ఎన్‌ఏ) ఇన్ సిటు హైబ్రిడైజేషన్ చేసి, అంటే కణంలో అది ఉన్నచోటే రంగు పట్టించి, స్లైడ్ మీద చూస్తేనే తేలుతుంది.

సెల్‌లైన్:
మొదటి టాపిక్ తీసుకుంటే నాలుగు సెల్ లైన్లు (ల్యాబ్‌లో పెంచుతూ ఉండే ముఖద్వార క్యాన్సర్ కణాలు) దగ్గర పెట్టుకోండి. హీలాలో హెచ్‌పీవీ 18 ఉంటుంది. సిహాలో 16 ఒకటి రెండు కాపీలే. కాస్కీలో 16 దాదాపు 600 కాపీలు. సీ33ఏలో వైరస్ ఉండదు, అది నెగటివ్ కంట్రోల్. కానీ దాని పీ53 (కణితి రాకుండా అడ్డుకునే ప్రొటీన్, ఈ6 పడగొట్టేది దీన్నే) మ్యూటేషన్ అయినది, కాబట్టి పీ53 ప్రయోగాలకి అదొక్కటే ఆధారమనుకోకండి. తెచ్చిన రోజే ఎస్‌టీఆర్ ప్రొఫైల్ (కణాల డీఎన్‌ఏ గుర్తింపు), నెలకోసారి మైకోప్లాస్మా (కల్చర్‌లో చేరే బ్యాక్టీరియా) పరీక్ష. వైరస్ ఉండకూడని లైన్‌లో 18 వచ్చిందంటే ముందు అనుమానించాల్సింది హీలా కలిసిందని.

చాలామంది జారిపడే చోటు ఇంకొకటుంది. 16లోనూ 18లోనూ ఈ6, ఈ7 రెండూ ఒకే ఆర్‌ఎన్‌ఏ మీద వస్తాయి. ఈ7కి ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ (ఎంచుకున్న ఆర్‌ఎన్‌ఏని నాశనం చేయించే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క) వేస్తే ఈ6 కూడా పడిపోతుంది. అప్పుడు ఆర్‌బీ (ఈ7 పడగొట్టే కాపలా ప్రొటీన్), పీ53 రెండూ పెరుగుతాయి, ఘనత దేనికివ్వాలి? ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏ పట్టుకోలేని విధంగా, ప్రొటీన్ మాత్రం మారకుండా, కోడాన్లు (జీన్‌లోని మూడక్షరాల సంకేతాలు) మార్చిన ఈ7ని తిరిగి పెట్టి చూపించాలి. ఈ రెస్క్యూ ప్రయోగం రివ్యూయర్ అడగకముందే మొదలుపెట్టండి.

వైరస్ జీవితచక్రం కావాలంటే మామూలు డిష్ పనికిరాదు. చర్మ కణాలు పొరలు పొరలుగా పరిణతి చెందుతుంటేనే ఆ వైరస్ పూర్తిగా తయారవుతుంది. అందుకే రాఫ్ట్ కల్చర్: ఫైబ్రోబ్లాస్ట్‌లు (చర్మం కింది పొర కణాలు) కలిపిన కొలాజెన్ జెల్ మీద కెరటినోసైట్లు (చర్మం పై పొర కణాలు), పైన గాలి, కింద మీడియం, సుమారు రెండు వారాలు. కొలాజెన్ ఐస్ మీదే ఉంచాలి. న్యూట్రలైజ్ చేసేటప్పుడు రంగు పసుపు నుంచి లేత గులాబీకి తిరగగానే పోసేయాలి, ఆలస్యమైతే పైపెట్‌లోనే గడ్డ కడుతుంది. మీడియం పైకి ఎక్కి కణాలు మునిగితే పొరలు సరిగా రావు.

కొత్త_పైపెట్:
చాలా థ్యాంక్సండీ. రెండో టాపిక్ ఇస్తున్న ల్యాబ్‌ని పూర్తిగా వదులుకోవాలా, లేక వాళ్లని ఏమైనా అడిగి చూడొచ్చా?

కణజాలం:
అడగండి, తప్పేం లేదు. పీసీఆర్ కలిపే గది, జెల్ నడిపే గది వేరువేరా? ఈబీఈఆర్ స్లైడ్లు చదివే పాథాలజిస్ట్ ప్రాజెక్టులో ఉన్నారా, ఆయనకి ఆథర్‌షిప్ ఇస్తున్నారా? బ్లాకులకి ఎథిక్స్ కమిటీ అనుమతి చేతిలో ఉందా, ఇంకా పెట్టాలా? "ఇంకా పెట్టాలి" అంటే మొదటి ఏడాదిలో చాలా నెలలు దానికే పోతాయి. వైరస్ దొరకకపోతే ఆ ఫలితంతో థీసిస్ రాయనిస్తారా అని కూడా సూటిగా అడగండి. దానికి నీళ్లు నమిలితే వెళ్లొద్దు.

సెల్‌లైన్:
ఒక మాట కలుపుతాను. హెచ్‌పీవీలో అన్నీ తేలిపోయాయని, టీకా వచ్చేసిందని వెనక్కి తగ్గకండి. ఎక్కువ ఇన్‌ఫెక్షన్లు రెండేళ్లలోపు వాటంతటవే పోతాయి, కొన్ని మాత్రం ఎందుకు పాతుకుపోతాయో ఇప్పటికీ పూర్తిగా తెలియదు. 2006 నుంచి వాడుతున్న టీకాలు రాకుండా ఆపుతాయి, వచ్చినదాన్ని తొలగించవు. కాబట్టి ఇప్పటికే సోకినవాళ్ల కోసం ఈ6, ఈ7 మీద పని ఇంకా చాలా ఉంది. దాంతోపాటు ఆర్‌ అనే ప్రోగ్రామింగ్ భాషలో స్టాటిస్టిక్స్, సీక్వెన్స్ డేటా చదవడం మొదటి ఏడాదిలోనే నేర్చుకోండి. పోస్ట్‌డాక్ వెతికేటప్పుడు బెంచ్ పని మాత్రమే తెలిస్తే దారులు తగ్గిపోతాయి.